పగలు నిద్రపోయేవాడి ఫిర్యాదు

జంషెడ్‌పూర్‌లోని కద్మాలో తెలుగు కుటుంబాలు తరాలుగా నివసిస్తున్నాయి. అక్కడి ఒక వీధిలో ఉదయం ఏడు గంటలకు ఓ క్రేన్ ఆపరేటర్ సి షిఫ్టు ముగించుకుని ఇంటికి చేరుతాడు. నాలుగు ఇడ్లీలు తిని, కిటికీలు మూసి పడుకుంటాడు. ఎనిమిదింపావుకు ఎదురింటి ముందున్న కారు అలారం మోగుతుంది. అరనిమిషం అరిచి ఆగుతుంది. కన్ను అంటుకునే వేళకు వీధిలో మరో లారీ వెళుతుంది, కారు మళ్లీ అరుస్తుంది. యజమాని పెళ్లికని విజయనగరం వెళ్లి వారం దాటింది.

మొదటిరోజు అందరూ గుమ్మాల్లోకి వచ్చి చూశారు. రెండోరోజు ఇద్దరు చూశారు. మూడోరోజు ఎవరూ తల తిప్పలేదు. దొంగ వచ్చాడని చెప్పడానికి అమర్చిన యంత్రం, నిజంగా దొంగ వచ్చినా ఎవరూ కదలని స్థితిని మూడు రోజుల్లో సాధించింది. ప్రతి ఎన్నికకూ దేశం ప్రమాదంలో పడిందని కేకలు వేసే నాయకుల ప్రస్తావన ఇక్కడ అనవసరం.

చట్టం లేదా అంటే, ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు వరకు. పరిమితిని 10 డెసిబెల్స్ దాటితే ఫిర్యాదు చేయవచ్చు. అరనిమిషం మోగి ఆగిపోయే శబ్దాన్ని కొలవడానికి ఏ అధికారి మీటరు పట్టుకుని వీధిలో కూర్చుంటాడన్నది వేరే సంగతి. అసలు చిక్కు గడియారంలో ఉంది. ఉక్కు కర్మాగారంలో సి షిఫ్టు కూడా సరిగ్గా రాత్రి పది నుంచి ఆరు వరకే. చట్టం నిద్రకు కేటాయించిన ఎనిమిది గంటలూ అతను క్రేన్ మీదే ఉంటాడు. ఫ్యాక్టరీల చట్టం 1948లో వచ్చింది. ఈ కర్మాగారం ఎనిమిది గంటల పనిదినాన్ని 1912లోనే అమలు చేసింది. పనిగంటలకు అంత ముందుగా దక్కిన గుర్తింపు ఆ పని చేసేవాడి పగటి నిద్రకు నేటికీ దక్కలేదు.

శబ్దాన్ని కేవలం చికాకుగా భావించేవారు 2005 జులై 18న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును ఒకసారి చదవాలి. ఆ వ్యాజ్యానికి ప్రేరణ అత్యాచారానికి గురైన పదమూడేళ్ల బాలిక ఉదంతం. లౌడ్‌స్పీకర్ల హోరులో ఆమె ఆర్తనాదాలు ఎవరికీ వినిపించలేదు.

వేరే నగరంలో అయితే ఇలాంటప్పుడు కార్పొరేటర్ ఇంటికి వెళతారు. ఆయన పని చేయకపోయినా, రేపు ఓటుకు వచ్చినప్పుడు అడగవచ్చు. జంషెడ్‌పూర్‌కు ఎన్నికైన నగరపాలక సంస్థ లేదు. పరిశ్రమే పౌరసేవలు అందించే చోట మున్సిపాలిటీ అవసరం లేదని గవర్నర్ ప్రకటించే వీలును రాజ్యాంగంలోని 243క్యూ అధికరణ కల్పించింది. ఇక్కడ కార్పొరేషన్ ఉండాలా, పారిశ్రామిక టౌన్‌షిప్ ఉండాలా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రోడ్లు బాగుంటాయి, నీళ్లు వస్తాయి, కాదనలేం. అయితే ఎమ్మెల్యేను, ఎంపీని ఎన్నుకునే మనిషికి తన వీధి కోసం ఎన్నుకోవడానికి ఎవరూ లేరు.

చివరికి పక్కింటి రిటైర్డ్ ఫోర్‌మన్ విజయనగరానికి ఫోన్ చేశాడు.

"ఒరే నాయనా, నీ కారు మూడ్రోజులుగా ఏడుస్తోందిరా. ఎదురింటి నైట్ డ్యూటీ మనిషికి నిద్ర లేదు."

"అయ్యో, నాకు తెలీదు బాబాయ్. రెండో తాళం టెల్కోలో మా బావమరిది దగ్గరుంది."

తాళం లేకుండా ఎవరూ చేయగలిగిందీ లేదు; బానెట్ తెరిచే మీట కారు లోపలే ఉంటుంది. నిద్రలేని కళ్లతో క్రేన్ ఆపరేటరే స్కూటర్ మీద టెల్కో వెళ్లి తాళం తెచ్చాడు, దారిలో సాక్చి నుంచి మెకానిక్‌ను ఎక్కించుకున్నాడు. కంపనాన్ని పసిగట్టే సెన్సర్‌ను అవసరానికి మించిన సున్నితత్వంతో బిగించారని, కదలక నిలిచిన కారులో బ్యాటరీ కూడా నీరసించిందని మెకానిక్ తేల్చాడు. సెన్సర్ తగ్గించి, యజమాని వచ్చేదాకా ఉండనిమ్మని బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పేశాడు. ఇరవై నిమిషాల పని.

కూలి క్రేన్ ఆపరేటరే ఇచ్చాడు. అప్పటికి పన్నెండున్నర అయింది. రాత్రి పదికి మళ్లీ డ్యూటీ.