ఫర్హాబాద్‌లో ఆగుదామా?

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లేవారికి మన్ననూరు దాటాక ఓ సందేహం మొదలవుతుంది. ఫర్హాబాద్ గేటు దగ్గర ఆగి అటవీశాఖ సఫారీ ఎక్కాలా, నేరుగా మల్లన్న దర్శనానికి వెళ్లిపోవాలా? పిల్లలు పులి అంటారు, పెద్దలు ఆలస్యం అంటారు.

నాగర్‌కర్నూల్ జిల్లాలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,600 చదరపు కిలోమీటర్లకు పైనే. అంత అడవిలో పులి ఎదురుపడటం అదృష్టమే. దానికోసమే అయితే ఆగకపోవడమే మేలు. కానీ, వెంట వచ్చే చెంచు యువకుడు మట్టిలో పంజా గుర్తో, చెట్టు మీద గోళ్ల గీతలో చూపిస్తే... కారు అద్దంలోంచి పచ్చగా కదిలిపోయే అడవి ఒక్కసారిగా మాట్లాడుతుంది. వ్యూపాయింట్ నుంచి కనిపించే నల్లమల లోయ అదనం.

జులై నుంచి సెప్టెంబరు దాకా సఫారీ ఉండదు. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకూ అడవి దారిలో రాకపోకలు ఆపేస్తారు. అందుకే పొద్దున్నే బయల్దేరండి. అడవీ చూడొచ్చు, మల్లన్న దర్శనమూ అవుతుంది!