"అన్నం తగ్గించు" అంటే చాలదు

నేను నిజాంపేట హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నా. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు.

ఇక్కడ రోడ్డు పొడుగునా జిమ్ములు, షుగర్ క్లినిక్‌లు. అది పైసలున్నోళ్ల రోగం అనేది మా యాడి. పోయినేడు ఆమెకే తేలింది. నెల గోళీలు వేసుకుని, తగ్గిందని ఆపేసింది. తండాలో జొన్నరొట్టె తగ్గి, మూడు పూటలా రేషన్ బియ్యమే అయింది కదా.

30 దాటినోళ్ల నడుము కొలవడం, మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే గుర్తించడం ఆశా అక్కలకు నేర్పుతున్నారు. మంచిదే. కానీ "అన్నం తగ్గించు" అంటే యాడికి "పస్తుండు" అన్నట్టే వినిపిస్తది. బదులు ఏం తినాలో, గోళీలు ఎందుకు ఆపొద్దో గోర్‌బోలిలో, కోయలో, గోండిలో చెప్పడం కూడా శిక్షణలో ఉండాలి.

నర్సింగ్, ఎంబీబీఎస్ చదివే అన్నలు, అక్కలు, మీ క్లాసుల్లో ఈ మాట ఎత్తండి.