యూడీపీ జోకు మీకు అందిందా?

నాకో యూడీపీ జోకు తెలుసు. చెప్తాను కానీ, అది మీకు అందుతుందో లేదో గ్యారంటీ లేదు.

అంతే, జోకు అయిపోయింది. విశాఖలో నాది నెట్‌వర్క్ సపోర్ట్ ఉద్యోగం. మా టీమ్ మొత్తం దీనికి పడీపడీ నవ్వింది. సెలవుకి కొవ్వూరు వెళ్లినప్పుడు ఇదే జోకు నాన్నకి చెప్పాను. ఆయన మా స్టేషనరీ షాపులో పెన్నుల డబ్బా సర్దుతూ, "తర్వాత?" అన్నారు.

తర్వాత ఏముంటుంది! కూర్చుని వివరించాల్సి వచ్చింది.

నెట్‌లో మనం పంపేది ఏదైనా చిన్న చిన్న ముక్కలుగా వెళ్తుంది. వాటినే ప్యాకెట్లంటారు. వాటిని పంపడానికి బాగా వాడే పద్ధతులు రెండు: టీసీపీ, యూడీపీ.

టీసీపీ అచ్చం మా అమ్మే. విశాఖ నుంచి వస్తుంటే రాజమండ్రి దాటగానే రైలు గోదారి బ్రిడ్జి ఎక్కుతుంది. సరిగ్గా అప్పుడే అమ్మ ఫోన్ చేస్తుంది. ఆ గడగడల మధ్య మా మాటలు ఇలా ఉంటాయి:

"అమ్మలూ, వినపడుతుందా?"

"వినపడుతుందమ్మా. నీకు వినపడుతుందా?"

"ఆ, వినపడుతుంది."

ఈలోగా కొవ్వూరు స్టేషన్ వచ్చేస్తుంది. అసలు విషయం ఇంకా మొదలే కాలేదు! ఈ మూడు మాటలనే మేం త్రీ-వే హ్యాండ్‌షేక్ అంటాం. టీసీపీ కూడా డేటా పంపేముందు ఇలాగే పలకరించుకుంటుంది. తర్వాత పంపినదానికి 'అందింది' అని జవాబు రావాలి. రాకపోతే మళ్లీ పంపుతుంది. "అన్నం తిన్నావా?" అన్న మెసేజ్ మా అమ్మ దగ్గర్నుంచి నాలుగుసార్లు ఎందుకొస్తుందో ఇప్పుడు అర్థమైందిగా! అన్నట్టు వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ ఈ టీసీపీ ఆలోచనని 1974లో ప్రచురించారు. పైన బస్సులు, కింద రైళ్లు వెళ్లే మా రోడ్ కమ్ రైలు బ్రిడ్జి మొదలైంది కూడా ఆ ఏడాదే.

మరి యూడీపీ? రైల్లోంచి గోదారిలో రూపాయి వేయడం లాంటిది. వేశామా, దండం పెట్టామా, అయిపోయింది. ముట్టిందని గోదారమ్మ రశీదు ఇవ్వదు. ఇనుప దూలానికి తగిలి పక్కకి పడినా మనం ఇంకోటి వేయం. ఇది నిర్లక్ష్యం కాదు, వేగం కోసం. వీడియో కాల్‌లో ఒక ముక్క పోయిందని దానికోసం ఆగితే అవతలివాళ్లు నోరు తెరిచి బొమ్మలా ఉండిపోతారు. అందుకే పోయింది పోనీ అని ముందుకెళ్లిపోతుంది. కాబట్టి యూడీపీ జోకు అందకపోయినా చెప్పినవాడు పట్టించుకోడు. అదీ జోకు!

నాన్న నవ్వలేదు. పావురాల సంగతి చెప్తే మాత్రం నవ్వారు. 1990 ఏప్రిల్ 1న డేవిడ్ వెయిట్జ్‌మన్ అనే ఇంజినీరు, ఇంటర్నెట్ ప్యాకెట్లని పావురాల కాళ్లకి కట్టి పంపే పద్ధతిని ఆర్‌ఎఫ్‌సీ 1149 అనే పత్రంగా రాశాడు. ఏప్రిల్ ఫూల్ జోకే. కానీ 2001లో నార్వేలోని బెర్గెన్‌లో కొందరు నిజంగానే చేసి చూశారు. తొమ్మిది ప్యాకెట్లు పంపితే నాలుగింటికే జవాబు వచ్చింది. అదీ సుమారు గంట నుంచి గంటా ముప్పావు తర్వాత! "మన సిగ్నల్ కంటే నయమే," అన్నారు నాన్న.

తర్వాత కాసేపు ఏమీ అనలేదు. డబ్బా మూత పెట్టి, "అయితే అమ్మలూ, అవతలివాళ్లు 'ఊఁ' అంటే అందినట్టేనా?" అని అడిగారు.

నాకు జవాబు రాలేదు.

నిరుడు ఓ సాయంత్రం నాన్న ఫోన్ చేశారు. నేను సర్వర్ గొడవలో ఉన్నాను. ఫోన్ చెవి దగ్గర, కళ్లు స్క్రీన్ మీద. "ఊఁ... ఊఁ..." అన్నాను. నాలుగు రోజుల తర్వాత అమ్మ ఫొటో పంపింది. నాన్న కంటికి తెల్ల కట్టు. రాజమండ్రిలో శుక్లం ఆపరేషన్. వెంటనే ఫోన్ చేసి, "నాకెందుకు చెప్పలేదు?" అని అరిచాను. "చెప్పానమ్మా. నువ్వు ఊఁ అన్నావు," అన్నారు. అంతకుమించి ఒక్క మాటా అనలేదు.

టీసీపీలో కూడా ఇదే తిరకాసు. 'అందింది' అని జవాబొస్తే అవతలి కంప్యూటర్‌కి చేరిందని మాత్రమే అర్థం. అందులోని ప్రోగ్రాం దాన్ని చదివిందని కాదు. ఉద్యోగంలో ఈ ముక్క కొత్తవాళ్లకి నేనే చెప్తుంటాను. నాన్న దగ్గర మాత్రం చెవి 'అందింది' అనేసింది, మనసు చదవలేదు.

"లేదు నాన్నా, అందినట్టు కాదు," అన్నాను చివరికి.

ఆయన నా వైపు ఓసారి చూసి, మళ్లీ పెన్నుల్లో పడ్డారు.

ఇప్పుడు నాన్న ఫోన్ చేస్తే ల్యాప్‌టాప్ మూసేస్తున్నా. ఆయన చెప్పింది తిరిగి చెప్తున్నా: "అంటే మంగళవారం పొద్దున్న చెకప్, అమ్మ తోడొస్తుంది, అంతేనా?" కాస్త విసుక్కుంటారు. కానీ ఇంకో విషయం కూడా చెప్తారు.

ఆ సెలవు అయిపోయి తిరిగి వెళ్తుంటే రైలు బ్రిడ్జి ఎక్కింది. రూపాయి వేసి దండం పెట్టుకున్నాను. ఫోన్ మోగింది. నాన్న నుంచి మెసేజ్, మూడు రోజులు ఆలస్యంగా:

"జోకు అందింది. బాగుంది."