ఇసుకలో ఒక రాత్రి, పెట్టెలో ఫేటియా

పోస్టు కొంచెం పెద్దది, తీరిగ్గా చదవండి.

మేం ఆరుగురం. మదనపల్లె పక్క తాండాల నుంచి ముగ్గురం, పుంగనూరు నుంచి ఇద్దరు, కుప్పం నుంచి ఒకడు. అయిదుగురం సుగాలీలం, కుప్పమోడు ఎరుకల. టమాటా మార్కెట్లో బాక్సులు మోసి దాచుకున్న డబ్బుతో, డిసెంబర్లో పరీక్షలు అయిపోగానే బెంగళూరులో జోధ్‌పూర్ రైలెక్కినాం. యాడికని ఇంట్లో అడిగితే ఎడారికన్నాం. "మన చేలల్లో లేని ఎండా అది, దానికి రైలు చార్జీ ఒకటి" అని ఒక నాయన తిట్టినాడు కూడా. అసలు సంగతి ఏమంటే, చిన్నప్పటి నుంచి అవ్వలు మనది మార్వాడ్ అంటా ఉంటారు కదా, ఒకసారి కళ్లతో చూసొద్దామని.

జైసల్మేర్ నుంచి నలభై కిలోమీటర్లు పోతే సమ్ ఇసుక దిబ్బలు. అక్కడ వరసగా గుడారాలు. ఒక రాత్రికి చౌకగా ఉండేదాంట్లో దిగినాం. పుణె నుంచి వచ్చిన జంట, గుజరాత్ నుంచి రెండు కుటుంబాలు, ఢిల్లీ కాలేజీ పిల్లలు మాతో పాటే ఉన్నారు. ఒంటె ఎక్కడం, సూర్యాస్తమయం ఫోటోలు, అవన్నీ అందరూ చేసేవే. వాటి గురించి రాయడానికేం లేదు.

రాయాల్సింది గుడారాల ముందర దండెం మీద వేలాడదీసిన పావడాల గురించి. ఎర్రవి, నల్లవి, అద్దాలు కుట్టినవి. డబ్బులిస్తే కట్టుకుని ఫోటో దిగొచ్చు. ఢిల్లీ అమ్మాయిలు క్యూ కట్టినారు. మేం అయిదుగురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అచ్చం అదే కాదు, కుట్టు వేరే, కానీ దూరం నుంచి చూస్తే అవ్వ ఫేటియానే. మాలో పుంగనూరోడు మాత్రం లేచి దిబ్బ వెనక్కి వెళ్లిపోయినాడు.

ఎందుకో మాకు తెలుసు. ఇంటర్లో చేరిన ఏడాది వాళ్లమ్మ ఫేటియా, కాంచళితోనే హాస్టల్‌కి వచ్చింది, మూటలో జొన్న బాటీలు తీసుకుని. పిల్లోళ్లు నవ్వినారు. ఆ రాత్రి ఫోన్ చేసి "ఇంగోసారి వస్తే చీర కట్టుకుని రా, లేదంటే రావద్దు" అన్నాడు. ఆమె మళ్లీ ఫేటియా కట్టలేదు. వాణ్ని మేమెవరం తప్పు పట్టలేదు. నిజం చెప్పాలంటే మాలో ఇంగో ఇద్దరం అదే మాట వేరే రకంగా చెప్పినోళ్లమే.

చీకటి పడినాక మంట వేసి కల్బేలియా ఆట మొదలుపెట్టినారు. ఆ ఆటపాటలను 2010లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. వాళ్లు ఒకప్పుడు పాములు ఆడించి బతికినోళ్లు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చినాక ఆ బతుకు పోయింది, ఆట మిగిలింది. మన పెద్దోళ్లదీ ఇట్లాంటిదే కదా. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసిన జాతి. తాండా అంటే అప్పుడు ఊరు కాదు, నడిచే గుంపు. 1791లో కార్న్‌వాలిస్ టిప్పు మీదికి పోయింది మన పలమనేరు పక్కనున్న మొగిలి కనుమ దాటుకునే, ఆ యుద్ధంలో ఆయన సైన్యానికి గింజలు మోసింది బంజారాల ఎద్దులు. తర్వాత రైళ్లొచ్చి ఎద్దుల పని తీసేసినాయి. 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చి, తిరిగి బతికే జాతులను పుట్టుకతో దొంగలన్నారు. ఎరుకల వాళ్లు దాని కింద ఎంత పడినారో కుప్పమోడు మంట దగ్గర హిందీ, ఇంగ్లీషు కలిపి చెప్తా ఉంటే పుణె ఆయన నోరు తెరిచి విన్నాడు. దేశమంతటా ఆ చట్టం పోయింది 1952లో.

అన్నం దగ్గర దాల్ బాటి పెట్టినారు. బాటి అంటే మనకు రొట్టె, వాళ్లకేమో నిప్పుల్లో కాల్చిన గుండ్రటి ముద్ద. వడ్డించే కుర్రాడు బంజారానే అని అప్పుడు తెలిసింది. మేం గోర్ బోలీలో, ఆ అబ్బాయి మార్వాడీలో. సగం అర్థమైంది, సగం చేతులతో. "కాంయి" అంటే ఇద్దరికీ "ఏమి" అనే. మా పేర్ల చివర నాయక్ అని చూసి గోత్రం అడిగినాడు. రాథోడ్ అంటే తనూ అదేనని ఇంగో రెండు బాటీలు వేసినాడు. మేం ఎస్టీ అంటే మాత్రం నమ్మలేదు. రాజస్థాన్‌లో బంజారాలు ఓబీసీ. కుప్పం దాటి కర్ణాటకలో అడుగు పెడితే మన లంబాణీలే ఎస్సీ. "మీరు అదృష్టవంతులు" అన్నాడు. ఏం చెప్పాలో తోచలేదు. ఇంట్లో మాట్లాడే భాషను హాస్టల్లో దాచుకుని తిరిగే మాకు ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది.

రాత్రి గుడారంలో పడుకోబుద్ధి కాక రగ్గులు తీసుకుని దిబ్బ మీదికి పోయినాం. పగలు వెచ్చగా ఉన్న ఇసుక పొద్దు మునిగిన కాసేపటికే చల్లబడిపోయింది. ఇసుకలో తేమ లేదు, పైన మబ్బు లేదు, పట్టిన వేడి పట్టినట్టే ఆకాశానికి వదిలేస్తుంది. హార్స్లీ హిల్స్ చలి చూసినోళ్లమే, అయినా పళ్లు టకటకలాడినాయి. ఎరుకలోడు "మీకన్నా మాట్లాడేదానికి చుట్టం దొరికినాడు, మా భాష తమిళం పక్కది, నాకిక్కడ ఒంటె కూడా జవాబు చెప్పదప్పా" అంటే నవ్వినాం. పుంగనూరోడు నవ్వలేదు.

పదకొండప్పుడు వాడు వాళ్లమ్మకు ఫోన్ చేసినాడు. చుట్టూ అంత నిశ్శబ్దంలో ఆమె మాటలు మాకూ వినపడినాయి. ఏమైందని భయపడింది. ఏం లేదన్నాడు. చలిగా ఉందా, తిన్నావా అని అడిగింది. తిన్నానన్నాడు. కాసేపాగి "ఫేటియా యాడుంది?" అన్నాడు.

"పెట్టెలో ఊరికే ఎందుకని పోయినేడు విప్పేసినాను. అద్దాల ముక్క సంచి కుట్టినా, మిగిలింది బొంతలో వేసినా. ఎందుకు, ఇప్పుడేం కావాల?"

వాడు ఏమీ లేదని పెట్టేసినాడు. మేం కూడా ఏం మాట్లాడలేదు. పొద్దున లేచేసరికి గాలికి ఇసుక కదిలి, రాత్రి మేం ఎక్కొచ్చిన అడుగులు లేవు.

సంక్రాంతి సెలవులయినాక వాడు ఆ సంచి హాస్టల్‌కి తెచ్చుకున్నాడు. ఉతికిన బట్టలు దాంట్లో పెట్టి మంచం కడ్డీకి తగిలించినాడు. ఎవరిదిరా అని అడిగితే మా అమ్మది అంటాడు. పోయిన నెల వాళ్లమ్మ వచ్చింది. చీరలోనే వచ్చింది.