అక్టోబరు నీళ్ళూ, వాల్‌ఐ చేపలూ

మిన్నెసోటాలో ఉండే మనవాళ్ళకి చేపలు పట్టడమంటే జూలై నాలుగు లాంగ్ వీకెండే. నాలుగు కుటుంబాలు, రెండు వ్యాన్లు, ఓ అద్దె పాంటూన్ పడవ, పులిహోర, పెరుగన్నం, పిల్లలకి తలా ఓ గాలం. ఆ సరదాకి నేనేం వంక పెట్టను. కానీ వాల్‌ఐ కోసమే వెళ్ళేట్టయితే జూలై మానేసి సెప్టెంబరు ఆఖర్నుంచి అక్టోబరు చివరిదాకా వెళ్ళండనేది నా గట్టి అభిప్రాయం. చేపలు బాగా పడతాయని మాత్రమే కాదు, ఇంకో కారణం కూడా ఉంది. వస్తున్నా అక్కడికే.

వాల్‌ఐ అంటే తెలియని వాళ్ళకి: ఇది 1965 నుంచీ ఈ రాష్ట్రపు అధికారిక చేప. పిల్లికి ఉన్నట్టే దీని కంటి వెనక కూడా వెలుతుర్ని తిప్పికొట్టే పొర ఒకటుంటుంది. అందుకే మసక చీకట్లో దీని చూపు బాగా పనిచేస్తుంది, పొద్దు వాలాకే వేటకి బయల్దేరుతుంది. మాంసం తెల్లగా ఉంటుంది, ముళ్ళు తక్కువ. పులుసులో మన కొరమీనంత గట్టిగా నిలవదు గానీ, వేపుడికి మాత్రం నాకు ఇక్కడ దీన్ని మించింది దొరకలేదు.

ఇక నీళ్ళ సంగతి. నీళ్ళు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటాయని స్కూల్లో చదువుకున్నాం కదా, ఆ పాఠం పనికొచ్చేది ఇక్కడే. ఎండాకాలంలో లోతైన సరస్సుల్లో పైన వెచ్చటి పొర, అడుగున చల్లటి పొర ఏర్పడతాయి. రెంటి మధ్యా ఉష్ణోగ్రత ఠక్కున పడిపోయే చోటుని థర్మోక్లైన్ అంటారు. పై నీళ్ళూ కింది నీళ్ళూ కలవవు కాబట్టి అడుగున ఆక్సిజన్ ఖర్చవడమే గానీ కొత్తగా వచ్చి చేరేది ఉండదు. సెప్టెంబరు గడిచేకొద్దీ పైపొర చల్లబడి, బరువెక్కి, కిందకి దిగడం మొదలెడుతుంది. పైన ఇంచుమించు 50, 55 ఫారెన్‌హీట్‌కి వచ్చేసరికి ఓ గట్టి గాలి వీచిందంటే సరస్సు మొత్తం కలిసిపోతుంది. దీన్నే టర్నోవర్ అంటారు (ఉద్యోగాలు మారడం కాదు లెండి). ఆ కొద్ది రోజులూ చేపలు చెల్లాచెదురుగా తిరుగుతాయి, నీళ్ళు మురిగ్గా కనిపిస్తాయి, ఒక్కోసారి వాసన కూడా. అప్పుడు ఇంట్లో కూర్చోవడమే మంచిది.

అయితే అన్ని సరస్సులకీ ఈ లెక్క పనికిరాదు. మినియాపొలిస్‌కి వంద మైళ్ళ ఉత్తరాన ఉన్న మిల్ లాక్స్‌నే తీసుకోండి. వైశాల్యం 1,32,000 ఎకరాలు. లోతు మాత్రం ఎంత వెదికినా 42 అడుగులే. అంత వెడల్పాటి పళ్ళెంలో గాలి ఎండాకాలం కూడా నీళ్ళని కలుపుతూనే ఉంటుంది, పొరలు గట్టిగా నిలవవు. అయినా ఎర అమ్మే కొట్లో "టర్నోవర్ అయిందా?" అని అడిగేవాళ్ళు అడుగుతూనే ఉంటారు.

మరి అక్కడ నీళ్ళు చల్లబడితే ఏమవుతుంది? చేప ఒంటి వేడి నీళ్ళ వేడే. జూలైలో దానికి ఆకలి ఎక్కువే, కానీ చుట్టూ ఆ ఏడాది పుట్టిన పెర్చ్ పిల్లలు కోకొల్లలు. అంత విందులో మీ గాలానికున్న జలగని ఎవడు పట్టించుకుంటాడు? శరదృతువు వచ్చేసరికి పిల్లచేపలు చాలావరకు తగ్గిపోతాయి, నీటిమొక్కలు చచ్చి మిగిలినవాటికి దాక్కునే చోటు పోతుంది. పైగా ఆడ వాల్‌ఐ ఒంట్లో వచ్చే వసంతానికి గుడ్లు తయారవడం అప్పటికే మొదలవుతుంది. అందుకని చల్లబడే నీళ్ళల్లోనూ తింటూనే ఉంటుంది, పెద్ద చేపలు సాయంత్రాలు రాళ్ళున్న తక్కువ లోతుకి వస్తాయి. ఇంకో సౌకర్యం, జూలైలో పొద్దు వాలేసరికి తొమ్మిదవుతుంది. అక్టోబరు మధ్యలో ఆరున్నరకే. పిల్లలు నిద్రకి రాగాలు తియ్యకముందే మంచి వేళ వచ్చేస్తుంది.

ఇప్పుడు రెండో కారణం. నిబంధనల ప్రకారం ఫలానా సైజు చేపని వదిలెయ్యాలంటే వదిలేస్తాం. తోకాడించుకుంటూ వెళ్ళిపోతుంది, మనం పుణ్యం చేసినట్టు ఫోటో దిగుతాం. అది బతుకుతుందా అన్నది నీళ్ళ వేడి మీద ఆధారపడుతుంది. వెచ్చటి నీళ్ళల్లో ఆక్సిజన్ తక్కువ పడుతుంది, అదే సమయంలో చేప ఒంటికి కావలసింది ఎక్కువ. భీమవరం వైపు చెరువులున్న వాళ్ళనడగండి, ఎయిరేటర్లు ఎందుకు తిప్పుతారో చెప్తారు. మిల్ లాక్స్‌లోనే గాలానికి చిక్కి వదిలిన వాల్‌ఐల మీద పరిశోధన జరిగింది. చల్లటి నీళ్ళల్లో చావులు చాలా తక్కువ, 68 ఫారెన్‌హీట్ దాటాక ఎక్కువ. గాలం మింగేసిన చేపలకైతే ముప్పు మరీ ఎక్కువ.

ఆ చచ్చినవాటిని అంచనా కట్టి గాలాల వాళ్ళ వాటాలోంచి తీసేస్తారు. మిల్ లాక్స్‌లో ఏటా పట్టగలిగిన వాల్‌ఐని రాష్ట్రమూ, ఎనిమిది ఓజిబ్వే తెగలూ పంచుకుంటాయి. 1837 ఒప్పందం ఇచ్చిన హక్కు అది, 1999లో సుప్రీంకోర్టు కూడా చెల్లుతుందని చెప్పింది. 2015లో ఆగస్టు మొదట్లోనే వాల్‌ఐ వేట ఆపేశారు. 2016లో పట్టిన ప్రతిదాన్నీ వదిలెయ్యాల్సి వచ్చింది. 2017లో జూలైలో మూడు వారాలు మూసేశారు, నీళ్ళు వెచ్చగా ఉన్నప్పుడు వదిలినవి ఎక్కువ చస్తాయనే. పడవ దిగే చోట మాత్రం నిందంతా తెగల వలల మీదే పడుతుంది. నాకిది నచ్చదు. వాళ్ళు వలేసేది వసంతంలో, పట్టింది లెక్కపెడతారు. జూలైలో ముప్ఫై చేపల్ని పట్టి వదిలినవాడు తను ఒక్కటీ చంపలేదనుకుంటాడు. సరస్సుకి వేరే కష్టాలూ ఉన్నాయి. 2005లో జీబ్రా మసెల్స్ బయటపడ్డాయి. నీళ్ళు తేటబడ్డాయి, చీకటి చేపకి అదో ఇబ్బంది. వాల్‌ఐకి ఇష్టమైన టల్లిబీకి చల్లటి నీళ్ళు కావాలి, ఎండాకాలాలు వేడెక్కుతుంటే అదీ తగ్గింది. వీటిలో మన చేతిలో ఉన్నది ఏ నెలలో వెళ్తామన్నదొక్కటే.

అలాగని చలి అన్నిటికీ మందు కాదు. లోతైన సరస్సుల్లో టర్నోవర్ అయ్యాక అడుగున కూడా ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి వాల్‌ఐ ముప్ఫై, నలభై అడుగులకి దిగుతుంది. అంత లోతునుంచి పైకి లాగితే దాని గాలితిత్తి ఉబ్బుతుంది, వెంటనే గాలి వదల్లేదు. అక్కడ పట్టి వదలడం అన్న మాటకి అర్థమే లేదు. వండుకునేందుకు కావలసినవి పడగానే గాలం చుట్టెయ్యడమే.

వెళ్ళే ముందు ఆ ఏటి నిబంధనలు చూసుకోండి, మిల్ లాక్స్‌కి విడిగా ఉంటాయి, మధ్యలో మారుతుంటాయి కూడా. నీళ్ళు 50 కిందకి దిగితే ఎరని నెమ్మదిగా కదపండి. లైఫ్ జాకెట్ పడవలో పెట్టుకోవడం కాదు, వేసుకోండి. ఆ నీళ్ళల్లో పడితే ఈత వచ్చినవాడికి కూడా చేతులు కాసేపట్లోనే మొద్దుబారిపోతాయి. గ్లౌజులు రెండు జతలు, ఫ్లాస్కులో మిరియాల చారు. పులిహోర చల్లారినా తినొచ్చు.