కొట్టివేతల్లోంచే పాట

పల్లవి పుడుతుంది. రెండంటే రెండే లైన్లు. ఆ రాత్రికి లోకంలో అంతకన్నా గొప్ప పాట లేదనిపిస్తుంది. తెల్లారి లేచి చూస్తే అదే కాగితం వెలవెలబోతుంటుంది. 'ఈ మాట వేటూరి ఎప్పుడో వాడేసి ఉంటారు', 'ఈ పోలిక అందరూ రాసిందే', 'అసలు నాకెందుకొచ్చిన పాటలు?'... మూడో ప్రశ్న దగ్గరకొచ్చేసరికి కాగితం ఉండ చుట్టుకుపోతుంది. చరణం పుట్టకుండానే పాట కథ ముగుస్తుంది.

పాటలు రాయాలని కొత్తగా కలం పట్టినవారిలో ఈ బాధ పడనివారు అరుదు. గోదావరి జిల్లాల కుర్రాళ్లకైతే ఇంకో తలనొప్పి కూడా. కాలవగట్టు మీద కూర్చుంటే చాలు, కవిత్వం దానంతటదే వచ్చేస్తుందని బయటివాళ్ల నమ్మకం. గోదారి నీళ్లు తాగి కూడా నాలుగు లైన్లు రాయలేవేంట్రా అని ఇంట్లోవాళ్ల వేళాకోళం. నవ్వుతూ అన్నదే అయినా, రాయలేక సతమతమవుతున్నవాడికి అది ముల్లులానే గుచ్చుకుంటుంది. 'అందరికీ వస్తున్నది నాకే రావట్లేదు' అన్న అనుమానం అక్కడే మొలకెత్తుతుంది.

కానీ... నిజంగా 'అందరికీ' వచ్చేసిందా?

పాడలేనన్న మనిషి

ఒకప్పుడు కాకినాడ టెలిఫోన్స్ శాఖలో ఓ యువ ఉద్యోగి ఉండేవారు. 1955లో పుట్టారు. పదో తరగతి దాకా అనకాపల్లిలో, ఇంటర్ కాకినాడలో చదివారు. వైద్యవిద్యలో చేరి, మధ్యలోనే వదిలేశారు. ఆయనకు మొదట్లో పాటలు రాయాలని కాదు, పాడాలని ఉండేది. రెండు మూడు ప్రయత్నాలు చేశాక పాడటానికి తాను పనికిరానని ఆయనే తేల్చేసుకున్నారు. చాలామంది కథ అక్కడితో ఆగిపోతుంది. ఆయన కథ ఆగకపోవడానికి కారణం ఇంట్లోవాళ్లే. ఎప్పుడూ ఏవో పదాలు అల్లుకుంటూ పాడుకునే అన్నయ్యను తమ్ముడు గమనించాడు. కవిత్వం బాగా వస్తోంది, ఆ దారిలో ప్రయత్నించమని ప్రోత్సహించాడు.

అలా 'భరణి' అన్న కలం పేరుతో రాయడం మొదలైంది. పగలు ఉద్యోగం, మిగిలిన సమయంలో సాహిత్య సభలు, మిత్రులు, కాగితాలు. ఏ నిర్మాతా అడగకుండా, ఏ సినిమా కోసమూ కాకుండా రాసుకున్న 'గంగావతరణం' గేయం దర్శకుడు కె.విశ్వనాథ్ దృష్టిలో పడింది. 1984లో 'జననీ జన్మభూమి' చిత్రంలో దానికి చోటు దొరికింది. మరో రెండేళ్లకు, 1986లో 'సిరివెన్నెల' వచ్చింది. ఆ సినిమా పేరే ఆయనకు ఇంటిపేరైపోయింది. అవును, సిరివెన్నెల సీతారామశాస్త్రి! 1986, 87, 88... వరసగా మూడేళ్లు ఉత్తమ గేయ రచయితగా నంది అవార్డు అందుకున్నారు. 2019లో పద్మశ్రీ వచ్చింది. 2021 నవంబరు 30న కన్నుమూసేనాటికి తెలుగువారికి సుమారు మూడు వేల పాటలు ఇచ్చి వెళ్లారు.

ఈ కథలో విజయం కన్నా ముఖ్యమైన విషయం ఒకటుంది. 'పాడలేను' అని ఆయన అనుకున్న రోజునా, 'సిరివెన్నెల' విడుదలైన రోజునా ఉన్నది ఒకే మనిషి. పాట ఆయన్ని వదిలిపెట్టలేదు, వేరే తలుపు తట్టిందంతే. 'నాటు నాటు' రాసిన చంద్రబోస్ కూడా మొదట గాయకుడు కావాలని కలగన్నవారే!

చెవి పెద్దది... చెయ్యి చిన్నది

కొత్తగా రాసేవారికి తమ రాతలు ఎందుకంత నాసిగా కనిపిస్తాయి? ప్రతిభ లేకనేనా?

లెక్క వేసి చూడండి. ఓ ఇరవై ఏళ్ల కుర్రాడి చెవి వయసు ఇరవై ఏళ్లు. ఉయ్యాల్లో జోలపాట దగ్గర్నుంచి రేడియోలో పాత పాటలు, గుళ్లో మైకు, పెళ్లి బ్యాండు, ఫోన్లో కొత్త పాటలు... మంచి పాట ఎలా ఉంటుందో ఆ చెవికి బాగా తెలుసు. కానీ రాసే చేతి వయసు? ఆర్నెల్లు. మహా అయితే ఏడాది. ఇరవై ఏళ్ల చెవి, ఏడాది చేతిని పరీక్షిస్తే మార్కులు ఏమాత్రం పడతాయి? తన పాట బాగాలేదని తెలుస్తోందంటే చెవి సరిగ్గా పనిచేస్తోందని అర్థం. చెయ్యి ఎదిగేదాకా చెవిని కాస్త ఓపిక పట్టమనాలి, అంతే.

ఆత్రేయపురం వెళ్లి పూతరేకులు చేసేవాళ్లను చూస్తే ఇది ఇట్టే అర్థమవుతుంది. పలుచని బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి, కాలుతున్న బోర్లించిన కుండ మీద ఒక్కసారి లాగుతారు. క్షణంలో రేకు లేచొస్తుంది. చూసేవాళ్లకు అది మంత్రంలా ఉంటుంది. కొత్తగా కూర్చున్నవాళ్ల రేకు మాత్రం చిరుగుతుంది, ముక్కలవుతుంది, చేతికి అంటుకుంటుంది. 'నా చేతిలో రేకు లేదు' అని వాళ్లు లేచిపోరు. మళ్లీ గుడ్డ ముంచుతారు. పాటా అంతే. మనకు వినిపించేది లేచొచ్చిన రేకు. చిరిగినవి రాసినవాళ్ల ఇంట్లోనే ఉండిపోతాయి.

పూట పని... పందొమ్మిది నెలల పని

రాజమహేంద్రవరానికి అవతలి ఒడ్డున కొవ్వూరు. సంగీత దర్శకుడు ఎం.ఎం.కీరవాణి 1961లో అక్కడే పుట్టారు. సంగీత దర్శకుడిగా ఆయన చేసిన తొలి చిత్రం 'కల్కి' విడుదలకే నోచుకోలేదు. బాణీలు కట్టాక కూడా జనం చెవిన పడలేదు. అక్కడే నిరాశపడి ఉంటే 1990లో 'మనసు మమత' ఉండేది కాదు, ఆ తర్వాత 'క్షణక్షణం', 'అన్నమయ్య' ఉండేవి కాదు. 2023 మార్చిలో ఆస్కార్ వేదికా ఉండేది కాదు.

ఆ ఆస్కార్ తెచ్చిన 'నాటు నాటు' సంగతే తీసుకోండి. అందులో తొంభై శాతం చంద్రబోస్ ఒక్క పూటలో రాసేశారు. మిగిలిన పది శాతానికి పట్టింది పందొమ్మిది నెలలు! పాతికేళ్ల అనుభవం ఉన్న రచయితకే ఆ కొసరు అన్ని నెలలు తీసుకుంది. అలాంటిది, నిన్న రాసిన చరణం ఇవాళ కుదరలేదని కలం పారేయడం తొందరపాటు కాదూ?

ఇది మన దగ్గరే కాదు. 1984లో కెనడా గాయకుడు లియొనార్డ్ కోహెన్ 'హల్లెలూయా' పాట విడుదల చేశాడు. దానికోసం ఎనభై చరణాల దాకా రాసి చూశాడని చెబుతారు. ఆ పాట ఉన్న ఆల్బమ్‌ను అమెరికాలో విడుదల చేయడానికి కంపెనీ ముందు ఒప్పుకోలేదు. తర్వాత అదే పాటను ఎందరెందరో గాయకులు మళ్లీ మళ్లీ పాడారు.

ఎంకికీ తప్పలేదు

లోపలి అనుమానం ఒకెత్తు, బయటి విమర్శ ఇంకో ఎత్తు. నండూరి సుబ్బారావు ఏలూరు దగ్గర వసంతవాడలో 1895లో పుట్టారు. మద్రాసులో చదువుకునే రోజుల్లో ట్రాము బండిలో వస్తుండగా ఆయనకు తొలి ఎంకి పాట తట్టిందని చెబుతారు. చుట్టూ మహానగరం, మనసులో మాత్రం పల్లె పడుచు. పల్లెజనం మాట్లాడుకునే మాటల్లోనే పాట కట్టారాయన. 'ఇదీ ఒక భాషేనా?' అని పండితులు కొందరు ముఖం చిట్లించారు. ఆ తర్వాత సుబ్బారావు ఏలూరులో న్యాయవాదిగా పనిచేశారు. ఆనాటి విమర్శలు ఇవాళ ఎందరికి గుర్తున్నాయి? ఎంకి మాత్రం గుర్తుంది, నాయుడుబావా గుర్తున్నాడు.

పిఠాపురం దగ్గర చంద్రంపాలెంలో 1897లో పుట్టిన దేవులపల్లి కృష్ణశాస్త్రిది మరో పరీక్ష. 1951లో 'మల్లీశ్వరి'తో సినిమా పాటకు వచ్చేసరికే ఆయనకు యాభై దాటాయి. 1963లో గొంతు క్యాన్సర్ ఆయన స్వరాన్నే తీసుకుపోయింది. ఉపన్యాసాలతో సభల్ని మంత్రముగ్ధం చేసిన మనిషికి మాట లేదు. కాగితం, కలంతోనే సంభాషణ. అయినా ఆ తర్వాత కూడా పాటలు రాస్తూనే ఉన్నారు. పాడి చూసుకోలేని కవి కలంలోంచి వచ్చిన ఆ పాటల్ని ఊరూవాడా పాడుకున్నాయి.

నావా... పడవా?

పాట కుదరకపోతే 'నాకు ప్రతిభ లేదు' అనుకోవడం సులువు. నిజానికి చాలాసార్లు లోపం ప్రతిభలో కాదు, మాత్రల్లో ఉంటుంది. 'గోదావరి' అన్నా 'గోదారి' అన్నా నది ఒకటే. కానీ మొదటిదానికి ఆరు మాత్రలు, రెండోదానికి ఐదు. బాణీలో ఐదింటికే చోటుంటే ఆరు మాత్రల మాట ఎంత అందమైనదైనా ఇమడదు.

లెక్క సరిపోయినా ఒక్కోసారి పాట కుంటుతుంది. 'నావ'కు మూడు మాత్రలే, 'పడవ'కూ మూడు మాత్రలే. అయితే బాణీలో సాగదీసే స్వరం ఉన్నచోట 'నావ' హాయిగా సాగుతుంది, 'నా' దీర్ఘం కాబట్టి. 'పడవ'లో సాగదీయడానికి ఏముంది? మూడూ పొట్టి అక్షరాలే. అదే చకచకా నడిచే చోట 'పడవ' గంతులేస్తుంది. అర్థం ఒకటే, పాటలో బతుకు వేరు. ఇది తెలియక, బంగారంలాంటి భావాన్ని పనికిరాదని చించేసేవాళ్లు ఎందరో. ఏది ఎక్కడ ఇమడదో తెలిస్తే 'నాకు రాదు' అన్న మాట 'ఈ ఒక్క మాట మార్చాలి'గా మారిపోతుంది. కొండంత భయం గులకరాయంతవుతుంది.

అందుకు కొన్ని అలవాట్లు సాయపడతాయి. రాసేటప్పుడు రాయడమే, దిద్దడం మర్నాడు. ఒకే పూట రెండూ పెట్టుకుంటే మొదటి లైన్ దగ్గరే పోట్లాట మొదలవుతుంది. బాగా లేదనిపించినా పాటను చివరిదాకా పూర్తిచేయాలి. ఎందుకంటే సగం పాటలు వంద రాసినా చరణం ముగించడం రాదు. సొంత బాణీ లేకపోతే, ఇష్టమైన పాత పాట బాణీలో మాటలన్నీ కొత్తవి వేసి సాధన చేయొచ్చు. రాసింది గొంతెత్తి పాడి చూడాలి. కంటికి కనపడని తప్పు గొంతులో తగులుతుంది. కొట్టేసిన కాగితాలు పారేయకూడదు. ఈ పాటలో ఇమడని మాట వచ్చే పాటకు పల్లవి కావచ్చు.

వినేవాళ్లకూ ఓ మాట

ఇంట్లో ఎవరైనా పాట రాసి చూపించారనుకోండి. 'అద్భుతం' అననక్కర్లేదు, 'చదువు చూసుకో' అనీ అననక్కర్లేదు. 'ఓసారి పాడు, వింటాను' అంటే చాలు. విన్నాక, మనసుకు పట్టిన ఒక్క మాట ఏదో చెబితే ఇంకా మంచిది. పశ్చిమగోదావరి జిల్లా దొడ్డిపట్లలో పుట్టిన అనంత శ్రీరామ్ ఇంజినీరింగ్ మధ్యలో వదిలి పాటల బాట పట్టారు. 2005లో 'కాదంటే ఔననిలే'తో తెరకెక్కేనాటికి ఆయన వయసు ఇరవై ఒకటి. అందరూ అలా వదిలేయాలనేం లేదు. ఉద్యోగం చేసుకుంటూ రాసినవారు, చదువుకుంటూ రాసినవారు, వకీలుగా ఉంటూ గుర్తుండిపోయినవారు ఈ గడ్డ మీదే ఉన్నారు.

రాసిన ప్రతివారికీ సినిమా పిలుపు రాదు. అవార్డులూ రావు. అది నిజం. అయితే బడి వార్షికోత్సవానికి ఓ పాట, చెల్లెలి పెళ్లికి ఓ పాట, ఊరి తీర్థానికి ఓ పాట కావాలి. అవన్నీ ఎవరో ఒకరు రాయాల్సినవే. 'గంగావతరణం' కూడా సినిమా అడిగితే పుట్టింది కాదు. ఎవరూ అడక్కపోయినా రాసిపెట్టి ఉంది కాబట్టే, అడిగేవాళ్లు వచ్చిన రోజున అది సిద్ధంగా దొరికింది.