ఉక్కుముద్ద: కాలనిర్ణయము

భిలాయి నగరమున పవర్ హౌస్ అను పేట కలదు. 1955 ఫిబ్రవరి 2న కుదిరిన భారత సోవియట్ ఒప్పందము ననుసరించి ఈ నగరమున ఉక్కు కర్మాగారము వెలసినది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. ఉపాధికై వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబము లిచ్చట పెక్కు. అట్టి యొక శిష్యుని యింట నాకెదురైన చిన్న సమస్యను పండితులకు నివేదించుచున్నాను.

శిష్యుని తాతగారు నిజామాబాదు జిల్లా కమ్మరి. కర్మాగారమున పనిచేసి విశ్రాంతి పొందినవారు. వారు గోనెగుడ్డ మూట విప్పి, పిడికిలియంత నల్లని ముద్దను, ఒక మట్టిమూస అడుగు పెంకును నా ముందుంచిరి. "సారూ, ఇవి మా ఊరి చెరువుకట్ట కింద దొరికినయి. ఎన్నేండ్లవో జర చెప్పుండ్రి" అనిరి. శిష్యుడు ముద్దను "స్లాగ్" అనెను. తాతగారు "చిట్టెం" అనిరి.

ఆ జిల్లాలోని కోనసముద్రము ఉక్కునకు ప్రసిద్ధము. వైద్యుడును భూగర్భశాస్త్రజ్ఞుడును అయిన హెన్రీ వాయిసీ 1824లో మరణించుటకు పూర్వ మచ్చటి కొలుములను స్వయముగా చూచెను. అతని వర్ణన 1832లో వంగదేశపు ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడినది. పారశీక వర్తకు లచ్చటికి వచ్చి ఉక్కు కొనెడివారు. 1795లో జార్జి పియర్సను లండను రాయల్ సొసైటీ యెదుట ఈ లోహమును "వూట్జు" అను పేర చర్చించెను. ఆ పేరు కన్నడాంధ్రములకు సమానమైన "ఉక్కు" శబ్దభవమని పలువురి మతము. 2010లో బెంగుళూరు జాతీయ ఉన్నతాధ్యయన సంస్థ, ఎక్సెటర్ విశ్వవిద్యాలయము కలిసి ఉత్తర తెలంగాణమున ఇట్టి స్థలములను పరిశీలించినవి.

ఇంత చరిత్ర తెలిసినవానికి "వేయేండ్లది" అనవలెనను ఆశ కలుగును. కాని వాయిసీ సాక్ష్యమే దానికి అడ్డు: రెండువందల యేండ్ల క్రిందటను కొలుములు మండుచునే యున్నవి. శబ్దము ప్రాచీనమగుటచే వస్తువు ప్రాచీనము కానేరదు. త్రుప్పు అంతకన్న నమ్మరానిది. తడినేలలో కొన్ని యేండ్లకే ఇనుము ముదుసలి వేషము వేయును.

మరి ఆధారమేది? బొగ్గు. పూర్వపు కమ్మరి కట్టెబొగ్గు వాడెను. దానియందలి కర్బనము ఒకనాడు ప్రాణమున్న చెట్టుది. కర్బనము-14 అర్ధాయువు సుమారు 5,730 సంవత్సరములు గనుక, చిట్టెమున చిక్కిన బొగ్గు, మూసమట్టిలో కలిపిన వరిపొట్టు మసి, ఉక్కులోని కర్బనము సయితము కాలమును చెప్పగలవు. భిలాయి ఉక్కు అట్లు చెప్పలేదు. దాని కోకు కోట్ల యేండ్లనాటి నేలబొగ్గునుండి వచ్చినది. అందు కర్బనము-14 ఎన్నడో నశించినది. అయినను జాగ్రత్త వలయును: ముసలిచెట్టు నడిమి బొగ్గు, పాత ఇనుము కలిపి కరగించిన ముద్ద, అసలు కాలముకన్న పాత లెక్క చూపగలవు. కావున దొరికిన పొర, ప్రక్కనున్న కుండపెంకులు కూడ సాక్ష్యమీయవలెను.

ఇచ్చట నా తప్పొకటి చెప్పుకొనవలెను. ఇరువదియైదేండ్ల క్రిందట ఒక విద్యార్థి తెచ్చిన ఇట్టి పెంకును నేను తోమి కడిగి అలమారలో అలంకారముగ నుంచితిని. దొరికిన చోటు వ్రాసికొనలేదు. మసి కాలువలో పోయినది. తాళపత్రప్రతికి ప్రమాదమున కూడ గద్య చింపని నేను, ఆ పెంకునకు గద్యనే కడిగివేసితిని. నేడది యే కాలముదో ఎవ్వరును చెప్పలేరు.

తాతగారి మూట మాత్రము మట్టితోనే యున్నది. కడుగవలదని, పురావస్తు శాఖవారికి చూపించుడని వేడితిని. పిదప కాగితము తీసి, చెరువుకట్ట యే దిక్కున, ఎంత లోతున దొరికినదో అడిగి వ్రాసికొంటిని. కొలిమి, తిత్తి, మూస, చిట్టెము, దాగలి అని వారు పలికిన మాటలును వ్రాసికొంటిని. ఏండ్లు చెప్పలేకపోయినందుకు వారు చిన్నబుచ్చుకొందురని భయపడితిని. వారు నవ్వి, "మీరు రాసుకున్నరు, చాలు సారూ" అనిరి. అప్పుడు శిష్యుడు నా కాగితమును తీసికొని, ఆ మాటలను తన పుస్తకమున మరల వ్రాసికొనెను.